బొంతలో ఎర్రనేల

తెలుగు ఇళ్లలో బొంతను కళగా ఎవరూ లెక్కించలేదు. పాతచీరలను పొరలుగా పరచి, అంచులు కలిపి, చేతిసూదితో వరుసగా కుట్లు వేసుకుంటూ పోతే తయారయ్యే ఆ బొంత చలికాలానికీ, చంటిబిడ్డలకూ అక్కరకు వస్తే చాలుననుకున్నారు. అందుచేతనే దానిని కుట్టిన స్త్రీల పేర్లు ఎక్కడా నమోదు కాలేదు.

అనంతపురం ప్రాంతంలో పుట్టి, భర్త ఉద్యోగరీత్యా గురుగ్రామ్‌లో స్థిరపడిన ఒక గృహిణి, తల్లి మరణానంతరం ఆమె నేతచీరలను పదేళ్లపాటు బీరువాలో భద్రపరిచింది. వాటితో బొంత కుట్టాలన్న కోరిక ఉన్నా, కత్తెర వేయడానికి చేయి రాలేదు. ఆ సంకోచం వీడినది ఆస్ట్రేలియా ఎడారిలో, రైలు ప్రయాణంలో.

అడిలైడ్‌లో ఉన్న కుమారుని వద్దకు వెళ్లినప్పుడు ఆమె ఆలిస్ స్ప్రింగ్స్ దాకా ‘ఘాన్’ రైలులో ప్రయాణించింది. డార్విన్ వరకు 2,979 కిలోమీటర్లు సాగే మార్గమది. పంతొమ్మిదవ శతాబ్దంలో అఫ్ఘానిస్థాన్ నుంచి, భారత ఉపఖండం నుంచి ఒంటెలతో వెళ్లి ఆ ఎడారికి సరుకులు చేరవేసిన వారందరినీ అక్కడ ‘అఫ్ఘాన్లు’ అనేవారు. రైలు పేరులో మిగిలినది వారి జ్ఞాపకమే. కిటికీ వెలుపలి ఎర్రనేల, నీరులేని ఫింక్ నది ఇసుక ఆమెకు వేసవిలోని చిత్రావతిని గుర్తుకు తెచ్చాయి.

ఆమె ఒడిలో ఆ ఎడారి ఆదివాసుల చిత్రాల పుస్తకం ఉంది. 1971లో పపున్యాలో వారు తమ సంప్రదాయ రూపాలను పలకలపై రంగులతో చిత్రించడం ఆరంభించారు. ఆ చిత్రాలలో భూమి పైనుంచి చూసినట్లు కనబడుతుంది. వలయాలు నీటిగుంటకో విడిదికో గుర్తు; అర్ధచంద్రాకారం, కూర్చున్న మనిషి ఇసుకలో విడిచే ముద్ర. యుటోపియా ప్రాంతపు ఎమిలీ కామె ఙ్వారేకు 1977లో బాతిక్ వస్త్రాలతో మొదలుపెట్టి, ఎనభై ఏళ్లు సమీపిస్తుండగా కాన్వాసుకు మారింది. 1996లో మరణించేలోగా తన నేలను, అందులోని దుంపతీగలను అవిశ్రాంతంగా చిత్రించింది. గుడ్డమీద పనిచేసిన చేయి తన ఊరినంతటినీ చెప్పగలదని గురుగ్రామ్ గృహిణికి అప్పుడు తోచింది.

తిరిగి వచ్చాక, ఆ చిత్రాలనే బొంతమీద కుడితే మంచి ధర పలుకుతుందని ఇరుగుపొరుగువారు సలహా ఇచ్చారు. ఆమె అంగీకరించలేదు. ఆ రూపాలు అలంకారాలు మాత్రమే కావు. ఏ కథను ఎవరు చిత్రించవచ్చునో ఆ సమాజంలో కట్టుబాటు ఉంది. ఆదివాసీ కళాకారుల చిత్రాలను అనుమతి లేకుండా వియత్నాంలో తివాచీలపై నేయించి దిగుమతి చేసినందుకు, 1994లో ఆస్ట్రేలియా ఫెడరల్ న్యాయస్థానం వారికి పరిహారం చెల్లించవలసిందని తీర్పు చెప్పింది. స్ఫూర్తికీ అపహరణకూ మధ్యనున్న గీతను ఆ తీర్పు స్పష్టం చేసింది.

పైగా, చుక్కల కోసం ఆమె పరాయి ఎడారికి చేయి చాచనవసరం లేదు. తల్లి ప్రతి ఉదయం వాకిట పెట్టిన చుక్కలముగ్గు ఆమె వేళ్లకు తెలుసు. అరువు తెచ్చుకోదగినది ఒక్కటే: పుట్టిన నేలను పైనుంచి చూసే ఆ చూపు.

చీరలకు కత్తెర పడింది. ఇటుకరంగు చీర చేనైంది. తెల్లదారపు కుట్లు వేరుసెనగ సాళ్లయ్యాయి. నీలి అంచు చుట్టుకొని దిగుడుబావిగా అమరింది. వాకిలి ఉండవలసిన చోట చుక్కలు వెలిశాయి. బొంత ముగిసిన నాడు ఆమె ఒక మూలన తల్లి పేరును, దాని కింద తన పేరును కుట్టింది.