ఎడ్మంటన్‌లో బిల్లు లేని కొట్టు

కెనడాలో ఎడ్మంటన్ వెళ్తే అందరూ మాల్ చూపిస్తారు. 2023 చలికాలంలో నేను చూసిన కొట్టు వేరు. అక్కడ బిల్లు కౌంటరే లేదు. యుద్ధం తప్పించుకుని ఉక్రెయిన్ నుంచి వచ్చినవాళ్ల కోసం ఊళ్లోవాళ్లు ఇచ్చిన సామానే సరుకంతా.

2022 మార్చిలో కెనడా వీళ్లకి ప్రత్యేక వీసా తెచ్చింది. దాంతో మూడేళ్ల దాకా ఉండే, పనీ చేసుకునే వీలు కల్పించింది. అప్పట్లో పెద్దవాళ్లకి ఒకేసారి 3,000 డాలర్లు, పిల్లలకి 1,500 ఇచ్చేవారు. వినడానికి బాగానే ఉంది గానీ, అద్దె, అడ్వాన్స్ కట్టాక చేతిలో ఎంత మిగులుతుంది? ఇల్లు దొరికినా అందులో గరిటె కూడా ఉండదు. సూట్‌కేసులో పరుపు పట్టదు కదా!

ఓ పెద్దావిడ గిన్నెల అర దగ్గర చాలాసేపు నిలబడింది. ఒక్కోటీ తట్టి, అడుగు మందమేనా అని చూస్తోంది. అచ్చం మన అమ్మలు స్టీలు సామాన్ల షాపులో చూసినట్టే. బోర్ష్ సూప్ ఇంటిల్లిపాదికీ సరిపడా కాగాలట. చివరికి పెద్ద గిన్నె పట్టుకెళ్లింది.

ఇచ్చేవాళ్లకో మాట. మూత పోయిన కుక్కర్, చిరిగిన దుప్పటి తెచ్చి పడేస్తే అది మన ఇల్లు సర్దుకోవడమే. మైనస్ 30 చలికి పిల్లల స్నో బూట్లు ఇవ్వండి.

ఈ ప్రాంతానికి ఉక్రెయిన్ కొత్త కాదు. 1890ల్లోనే అక్కడి రైతులు ఆల్బర్టా వచ్చి స్థిరపడ్డారు. దగ్గర్లోని వెగ్రెవిల్‌లో 1975లో కట్టిన భారీ ఈస్టర్ గుడ్డు ఇంకా గాలికి తిరుగుతూనే ఉంటుంది. వాళ్లకి భూమి దొరికింది. వీళ్ల చేతిలో ఉన్నది గడువున్న వీసా. అందుకే సోఫా ముందు ఆగి, కొలతలు చూసుకుని, చాలామంది కుర్చీలతో సరిపెట్టుకుంటున్నారు.