పారాకార్డు కంకణము

రెండవ ప్రపంచ సంగ్రామమున అమెరికా సైనికుల పారాచూట్లలో వాడిన నైలాను త్రాడు, నేడు మణికట్టున కంకణమై, నడుమున పట్టీయై శోభిల్లుట నాకు మిక్కిలి ప్రీతికరము. అల్లిక తొడుగులోపల ఏడు మొదలు తొమ్మిది వరకు సన్నని పేటలను దాచుకొని, 550 పౌనుల, అనగా దాదాపు 250 కిలోల బరువునకు తాళగల ఈ త్రాటిని నడుమ రెండు వరుసలుగా నిలిపి, కొసలను ఒకమారు కుడినుండి, ఒకమారు ఎడమనుండి మార్చి మార్చి ముడివేయుచు పోయినచో, పాముపొలుసులవలె దట్టమైన కంకణము సిద్ధించును. ఒకే ప్రక్కనుండి ముడివేసినచో అది మెలిదిరిగిపోవును. కంకణపు అంగుళమునకు సుమారు అడుగు త్రాడు పట్టును. (అంగళ్లలో దొరకు రంగురంగుల త్రాళ్లన్నియు 550 పౌనులకు తాళునవి కావు.) ఆపత్సమయమున విప్పినచో, లోపలి పేట చినిగిన సంచిని కుట్టును, గాలమునకు దారమగును, ఆ ఉపయోగమే దాని సౌందర్యమని నా నిశ్చయము. అల్లిక ముగిసిన పిదప కొసలను సెగకు కరగించి అదుముట మరువకుడు. ఆ పనిని మాత్రము పిల్లలచేత ఒంటరిగా చేయింపకుడు.