చక్రాల ఇంటికి చలికాలపు తొడుగు

చికాగో నగరానికి పడమటి శివార్లలో అక్టోబరు మాసం ప్రవేశించగానే మేపుల్ చెట్లు ఎర్రబడతాయి. మంచు పడేలోగా ఆరుబయటి పనులన్నీ ముగించుకోవాలని ఇంటింటా తొందర మొదలవుతుంది. మా కుమారుని ఇంట మేము గడిపిన రెండు మాసాలలో అటువంటి పని ఒకటి దగ్గరుండి చూశాము. అది క్యాంపర్ ట్రైలర్‌కు తొడుగు వేయడం.

కారు వెనుక తగిలించుకొని లాక్కుపోయే చిన్న ఇల్లే ఈ ట్రైలర్. పొడవు పదహారు అడుగులు. లోపల రెండు పడకలు, ఒక పొయ్యి, నీళ్ల తొట్టి ఉన్నాయి. గుంటూరు, కర్నూలు, హైదరాబాదుల నుండి వెళ్లి స్థిరపడిన మూడు కుటుంబాలు వడ్డీ అప్పు జోలికి పోకుండా, సమాన వాటాలతో దీనిని పాతదిగా కొన్నాయి. హలాల్ వంట సొంత పొయ్యి మీదనే. ఆడవారికి పర్దా, అందరికీ వుజూ నీళ్లు వెంటనే ఉంటాయి. ప్రయాణ దినాన తేలికగా మోసుకుపోగల తోలు గుడారాలను అల్లాహ్ తన అనుగ్రహాలలో ఒకటిగా పేర్కొన్న విషయం నహల్ సూరా 80వ ఆయతులో ఉన్నది. తోలుకు బదులు ఇక్కడ చెక్క, రేకు.

ఆ ట్రైలర్‌తోనే సుమారు 150 కిలోమీటర్ల దూరాన ఇల్లినాయ్ నది ఒడ్డున ఉన్న స్టార్వ్‌డ్ రాక్ స్టేట్ పార్కుకు వెళ్లాము. ఇసుకరాతి కొండలను నీళ్లు కోసుకుంటూ పోయి ఇరుకైన లోయలను చేశాయి. దూరాన్ని బట్టి జుహ్ర్, అసర్, ఇషా నమాజులు ఖస్ర్ చేశాము. మన ఊళ్లలో పడమటి దిక్కుకు అలవాటుపడిన పిల్లలకు అక్కడ ఖిబ్లా ఈశాన్యమని చెబితే ఆశ్చర్యం!

ఆ సంవత్సరానికి అదే చివరి ప్రయాణం. ఇక ఏప్రిల్ వరకు ట్రైలర్ మా కుమారుని వాకిట్లో ఉండాలి. చౌకగా దొరికే నీలి ప్లాస్టిక్ పట్టా ఒకటి కప్పి, తాళ్లతో బిగించి కట్టేస్తే చాలునని అతని ఆలోచన. కోడలు ఒప్పుకోలేదు. వారి వీధిలో ఒక ట్రైలర్ మునుపటి శీతాకాలమంతా అటువంటి పట్టా కిందనే ఉన్నదట. వసంతంలో విప్పి చూస్తే పరుపులకు బూజు పట్టి, నేల చెక్క మెత్తబడి ఉన్నదట.

గుంటూరు మిరప కళ్లాలు ఎరిగినవారికి దీని కారణం చెప్పనక్కరలేదు. రాత్రి మంచు పడకుండా కాయల మీద పట్టా కప్పుతారు, ప్రొద్దెక్కగానే తీసివేస్తారు. తీయకుంటే లోపలి చెమ్మ బయటకు పోలేక కాయ తాలు అవుతుంది. ట్రైలర్ సంగతీ అంతే. లోపలి తేమ, నేల నుండి లేచే ఆవిరి ప్లాస్టిక్‌కు తగిలి నీటి బొట్లుగా మారి తిరిగి గోడల మీదికే దిగుతాయి. గాలికి అల్లాడే పట్టా రంగును కూడా గీకివేస్తుంది.

కాబట్టి వాన నీటిని ఆపుతూనే లోపలి ఆవిరిని బయటకు వదిలే బట్ట కావాలి. పైకప్పుకు మందమైన పొరలు, ప్రక్కలకు పలుచని పొర, గాలి ఆడే కిటికీలు గల తొడుగులు దొరుకుతాయి. మండే ఎండల ప్రాంతమైతే ఎండకు చివకని బట్టను చూసుకోవాలి; ఇల్లినాయ్‌లో మంచు, తేమలే ప్రధాన శత్రువులు. కొలత విషయంలో ఒక మెలిక ఉన్నది. పొడవును ముందరి కొక్కెం నుండి లెక్కించారో, ఇంటి గోడ నుండి లెక్కించారో అమ్మేవారిని అడగాలి. వదులైతే గాలికి కొట్టుకుంటుంది, బిగువైతే మూలల దగ్గర చినుగుతుంది.

ఇటువంటి తొడుగు వెల పట్టాకు ఎన్నో రెట్లు. “అబ్బా, బండి మన వాకిట్లో ఉంటుంది గనుక ఖర్చంతా మనమే భరించాలా?” అని కుమారుడు అడిగాడు. ఉమ్మడి సొత్తు సంరక్షణ ఖర్చు వాటాల ప్రకారం అందరిదీ అన్నది ఫిఖ్హ్ నియమం. అయితే సొత్తు ఎవరి చేతిలో ఉన్నదో అతడు అమీన్. అశ్రద్ధ లేకుండా నష్టపోతే అతనిపై బాధ్యత లేదు, అశ్రద్ధ చేస్తే ఉన్నది. చెడుతుందని తెలిసిన తరువాత కూడా పట్టా కప్పడం మా దృష్టిలో అశ్రద్ధే. ఈ మాట విన్నాక అతడు మిగిలిన ఇద్దరికీ ఫోను చేశాడు. ఇద్దరూ తమ వాటా సొమ్ము అదే రోజు పంపారు.

తొడుగు వచ్చిన శనివారం మూడు కుటుంబాలూ చేరాయి. అప్పటికే ట్రైలర్‌ను కడిగి రెండు రోజులు ఆరబెట్టి ఉంచారు. గొట్టాలలో నీరు గడ్డకట్టి పగిలిపోకుండా మొత్తం ఖాళీ చేశారు. గ్యాసు సిలిండరు కట్టివేశారు. కప్పు అంచులకు, పదునైన మూలలకు పాత తువాళ్లు చుట్టి కట్టారు. చిరుగు మొదలయ్యేది అక్కడే. బండి కప్పు మీదికి ఎవరూ ఎక్కలేదు. ఇద్దరు నిచ్చెనల మీద, ఒకరు కింద మెత్తని చీపురు కట్టిన కర్రతో తొడుగును ముందు నుండి వెనుకకు నెట్టారు. అడుగు భాగపు పట్టీలకు చిన్న సంచీ బరువు కట్టి అటు నుండి ఇటు విసిరి అందుకోవడం పిల్లల వంతు. మాకు చీపురు కర్ర దక్కింది. తొడుగు ఉన్నంతకాలం లోపల పొయ్యి గాని హీటరు గాని వెలిగించరాదని పెద్దపిల్లలకు గట్టిగా చెప్పాము. ఆ విషవాయువుకు వాసన ఉండదు.

శీతాకాలంలో పెద్ద గాలి వీచిన ప్రతిసారీ పట్టీలు సరిచూడడం, మంచును మెత్తని చీపురుతో దించడం కుమారుని పని అయింది. ఏప్రిల్‌లో విప్పినప్పుడు లోపల బూజు వాసన లేదని, ఒక మూల తువాలు మాత్రం అరిగిందని ఫోనులో చెప్పాడు. తొడుగును ఎండలో పూర్తిగా ఆరవేసి, మడిచి, కర్నూలు వారి గ్యారేజీకి పంపారు. రాబోయే శీతాకాలం బండి వారి వాకిట్లో ఉంటుంది.