గరికపై కుందేళ్లు

సాయంకాలము ఎండ వాలిన పిమ్మట పెరటిలో కుందేళ్లను విడిచితిని. తెల్లది కాలు కదపక, చెవులు నిక్కించి, ముక్కుపుటము లదరుచుండ చాలసేపు నేలను వాసన చూచి, అంతలో ఏమి తోచెనో, పైకెగిరి నడుము మెలితిప్పి వేరొక దిక్కునకు తిరిగి వ్రాలినది!

ఆ గంతు ఆనందచిహ్నమని యెరిగిన పిదప దానిని దినమంతయు పంజరమున నుంచుటకు మనసొప్పదు.

అయినను విడుచుట యనగా ఉపేక్షించుట కాదు. చెమటతో దేహమును చల్లార్చుకొనలేక, ఆ పెద్ద చెవుల రక్తనాళముల ద్వారా వేడిమిని వెలిపుచ్చుకొను ఈ ప్రాణికి 30 డిగ్రీలు దాటిన మన మధ్యాహ్నములు ప్రాణాపాయము కాగలవు. గన్నేరు, ఉమ్మెత్త దాపున నుండరాదు; పురుగుమందు చల్లిన పచ్చిక అసలే కూడదు. త్రవ్వుట వాని జన్మస్వభావము కావున కంచెవలను అడుగులోతున పాతించి, గద్దల భయమున పైనను వల కట్టించితిని. అయినను కుర్చీ వేసికొని దగ్గరనే కూర్చుందును.

ఇంతలో ఏదో నీడ కదలగా, నల్లది వెనుకకాలితో నేలను దబ్బున తన్నినది. తత్‌క్షణమే రెండును అట్టపెట్టెలో దూరినవి. శతాబ్దములుగ మనుష్యుల చెంత పెరిగిన జాతికి ఆ హెచ్చరిక ఇంకను జ్ఞాపకమున్నదే యని నా మనస్సు కరిగినది. దాగుటకు చోటున్నదన్న ధైర్యముననే కదా అవి ఆడుకొనుచున్నవి!

పెరడు లేక మేడలమీద పెంచువారు మన్నును, పచ్చికను ఎట్లు సమకూర్చుచున్నారో దయచేసి వ్రాయుడు.