రేవు చప్పుడుకు తరలిపోయిన గిల్డు హాలు

లండన్ నగరానికి పడమరగా దాదాపు 40 మైళ్ల దూరంలో, కెన్నెట్ అనే చిన్న నది థేమ్స్ నదిలో కలిసే చోట ఒక పట్టణం ఉన్నది. ఇంగ్లీషు అక్షరాలను చూస్తే మనం "రీడింగ్" అని చదువుతాము గాని, అక్కడివారు "రెడింగ్" అంటారు. ఈ ఊరి నడిమధ్యన, కెన్నెట్ నదికి దగ్గరలో, "యీల్డ్ హాల్ ప్లేస్" అనే పేరు గల వీధి ఒకటున్నది. పేరులో హాలు మిగిలింది గాని, ఆ హాలు ఎన్నడో పోయింది. అది ఎందుకు కట్టారో, ఎందుకు విడిచిపెట్టారో తెలిపే చరిత్ర మాత్రం మిగిలి ఉన్నది.

ఈ "యీల్డ్" అనే మాట "గిల్డు" అనే మాటకు మరో రూపమే. పాత ఇంగ్లీషులో దానికి "చెల్లింపు" అని అర్థం. ఒక ఊరి వర్తకులు, చేతిపనివారు తలా ఇంత రుసుము చెల్లించి, ఒక కట్టుగా ఏర్పడితే దానిని గిల్డు అన్నారు. ఊరిలో ఎవరు అంగడి పెట్టవచ్చునో, ఏ సరుకు ఎలా అమ్మాలో వారే తేల్చేవారు. వారు కూడుకొనే ఇల్లే గిల్డు హాలు.

రెడింగ్‌లో ఆ హాలుకు మరింత విలువ ఉండేది. మొదటి హెన్రీ రాజు 1121లో ఈ ఊరిలో గొప్ప మఠాన్ని స్థాపించాడు. ఆయన చనిపోయాక 1136లో ఆయనను అక్కడే సమాధి చేశారు. నాటి నుండి ఊరి మీద పెత్తనం మఠాధిపతిది. సంత ఆయనది, సుంకం ఆయనది. వర్తకులకు, మఠానికి మధ్య తగవులు ముదిరాయి. చివరకు 1253లో మూడవ హెన్రీ రాజు వర్తకులకు అధికార పత్రం ఇచ్చాడు. 1254లో ఇరుపక్షాల మధ్య ఒప్పందం కుదిరింది. గిల్డు పెద్దను ఊరివారిలో నుండే ఎన్నుకోవాలి గాని, ఎన్నుకొనేవాడు మఠాధిపతి! అయినా గిల్డు హాలు మాత్రం ఊరివారికే దక్కింది. అంత పెద్ద మఠం నీడలో, ఇది మాది అని వారు చెప్పుకోగలిగిన చోటు అది.

అయితే ఆ హాలుకు ఒక చిక్కు ఉండేది. అది చాలా చిన్నది, పైగా నది ఒడ్డునే ఉన్నది. ఊరిలో చాలామంది బట్టలు ఉతుక్కొనే రేవు కూడా అక్కడే. అక్కడి స్త్రీలు తడి బట్టలను చదునైన చెక్క తెడ్లతో బాది ఉతికేవారు. లోపల న్యాయ విచారణ జరుగుతూ ఉంటే బయట ఈ తెడ్ల మోత. ఒకరి మాట ఒకరికి వినబడదు. తీర్పు చెప్పవలసిన పంచాయితీదారులకు, వారు విచారించవలసిన నేరమేమిటో కూడా సరిగా వినబడదు.

ఈ సంగతి మనకు ఎలా తెలిసిందంటే, 1538లో వ్రాసిన ఒక ఉత్తరం వలన. అప్పుడు ఎనిమిదవ హెన్రీ రాజు దేశమంతటా మఠాలను మూసివేయిస్తున్నాడు. ఆ పని మీద రెడింగ్‌కు వచ్చిన అధికారి పేరు జాన్ లండన్. ఆయన రాజు గారి మంత్రి థామస్ క్రామ్‌వెల్‌కు ఉత్తరం వ్రాస్తూ, ఊరి పెద్దల మనవిని, రేవు మోతను అందులో తెలిపాడు. ఊరి పెద్దలు అడిగినదేమిటంటే, ఖాళీ అయిన గ్రేఫ్రయర్స్ దేవాలయాన్ని తమ సభకు ఇప్పించమని.

ఈ గ్రేఫ్రయర్స్ వారు ఎవరు? బూడిదరంగు అంగీలు తొడిగే ఫ్రాన్సిస్కన్ సన్యాసులు. వారు 1233లో ఈ ఊరికి వచ్చారు. మొదట వారికి దొరికిన స్థలం థేమ్స్ వరదలో మునిగేది. 1285లో మెరక మీద చోటు దొరికాక వారు కట్టుకొన్న దేవాలయం 1311 నాటికి పూర్తయింది. 1538లో వారిని వెళ్లగొట్టినప్పుడు, పేదజనం గుంపులుగా వచ్చి చేతికి దొరికినదల్లా పట్టుకుపోయారని, చివరకు గంటల నాలుకలు కూడా పోయాయని ఆ అధికారి వ్రాశాడు. ఆరాధనకు పిలిచిన గంటలు అలా మూగబోయాయి.

మరుసటి సంవత్సరమే, 1539లో, పెద్ద మఠం కూడా పోయింది. చివరి మఠాధిపతి హ్యూ ఫారింగ్‌డన్‌ను రాజద్రోహి అని చెప్పి ఆ ఊరిలోనే చంపించారు. తరువాత రాజు 1542లో పట్టణానికి అధికార పత్రం ఇచ్చాడు. గ్రేఫ్రయర్స్ దేవాలయపు నడిమి భాగం ఊరివారి సభామందిరమైంది. రేవు ఒడ్డునున్న పాత హాలుకు ఇక పని లేకపోయింది.

కోరుకున్న చోటు దొరికిన పెద్దలు అక్కడ ఎంతకాలం ఉన్నారు? నలభై ఏండ్లు కూడా లేరు. సుమారు 1578లో మరల తరలిపోయారు. ఈసారి సెయింట్ జాన్ సత్రంలోని పాత భోజనశాలకు మిద్దె వేయించి, పైన సభ జరుపుకొన్నారు. క్రింద మగపిల్లల బడి నడిచేది! తెడ్ల మోతను తప్పించుకొన్నవారు బడిపిల్లల నెత్తిన కూర్చున్నారన్నమాట. ఆ ఇల్లు కూడా శిథిలమైపోగా, 1786లో అదే చోట కొత్త టౌన్‌హాలు కట్టారు. తరువాత విస్తరించిన ఆ టౌన్‌హాలు నేటికీ ఉన్నది. అందులో పట్టణ మ్యూజియం నడుస్తున్నది.

మరి గ్రేఫ్రయర్స్ సంగతి? సభ వెళ్లిపోయాక ఆ దేవాలయం పేదలకు ఆశ్రయమైంది. 17వ శతాబ్దపు తొలినాళ్లలో చెరసాల అయింది. పాటలు పాడిన గోడల మధ్య రెండు వందల ఏండ్లకు పైగా ఖైదీలు ఉన్నారు. చివరకు ఫెల్ప్స్ అనే పాదిరి గారు ముందుకు వచ్చి చందాలు పోగుచేయించి, ఆ కట్టడాన్ని బాగుచేయించారు. 1863 డిసెంబరులో అది తిరిగి ప్రతిష్ఠింపబడింది. ఈనాటికీ, రైల్వే స్టేషను నుండి నాలుగడుగుల దూరంలో, ఆ దేవాలయంలో ఆదివారపు ఆరాధన జరుగుతూనే ఉన్నది.

ప్రియ పాఠకులారా, ఈ కథలో ఒక సంగతిని మనం గమనించాలి. ఊరివారు మఠాధిపతితో పోరాడి దక్కించుకొన్నది, తమ మాట వినబడే ఒక చోటును. అదే హాలు గుమ్మం ముందు రోజంతా నడుము వంచి పనిచేసిన స్త్రీలు వారికి వట్టి చప్పుడుగా మాత్రమే వినబడ్డారు. ఆ ఉత్తరంలో వారి పేర్లు లేవు. ఈ హాలును గూర్చి వారు ఏమనుకొన్నారో ఒక్క ముక్కా లేదు. లోపలివారు ఆ రేవులో ఉతికిన చొక్కాలే తొడుగుకొని సభకు వచ్చి ఉండవచ్చును.

ఆ హాలులో ఏ దినమున ఏ తీర్పు చెప్పారో నేడు ఎవరూ తలచుకోరు. నేడు దాన్ని గూర్చి చెప్పుకొనేవారు మొదట చెప్పేది ఆ తెడ్ల మోతనే. మన ఇంటిలోనైనా, సంఘపు కూటములలోనైనా, పెద్దలు కూర్చొని మాటలాడుకొనేటప్పుడు పెరటిలో అంట్లు తోముతున్న చప్పుడు వినబడుతుంది. తలుపు వేసే ముందు, ఆ పని చేసేవారిని కూడా ఒక మాట అడిగితే మంచిది.