డబ్బా మీద 2200

మా ఆర్‌సీ కారు మోటారు డబ్బా మీద 2200 కేవీ అని ఉంది. ఆ అంకెని నమ్మి నేను నా రూమ్మేటుతో పది రోజులు మాట్లాడలేదు.

ఈ కేవీ కిలోవోల్టు కాదండోయ్. బ్రష్‌లెస్ మోటారుకి ఒక్కో వోల్టుకి, లోడు లేకుండా, నిమిషానికి ఎన్ని చుట్లు వస్తాయో చెప్పే అంకె. మా బ్యాటరీ 11.1 వోల్టులు. 2200తో గుణిస్తే 24,420 చుట్లు. గేర్లు ఆ స్పీడుని పదో వంతుకి దించుతాయి. చక్రం వ్యాసం 10 సెంటీమీటర్లు. కాగితం మీద గంటకి 46 కిలోమీటర్లు. "లోడు మీద కొంత పోద్ది, 40 వేసుకో" అన్నాడు మావాడు. గేర్ల లెక్క, వైరింగ్ అంతా వాడిదే.

టెస్టు రోజు గ్రౌండులో ఎన్నిసార్లు తిప్పినా 34 దాటలేదు. ఫెస్టు ఇంకా మూడు వారాలే. "గేరు లెక్క తప్పేశావు" అని టీమ్ అందరి ముందూ అనేశాను. వాడు తన నోట్‌బుక్ నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. నేను తెరిచి కూడా చూడలేదు.

తర్వాతి వారం మోటారు తీసుకుని గుడివాడ వెళ్లాను. నాన్నది మోటార్ల వైండింగ్ షాపు. చేపల చెరువుల ఏరియేటర్ మోటార్లు కాలిపోయి వస్తుంటాయి. నా గోడు విని, నాన్న ఒక మోటారు ప్లేటు గుడ్డతో తుడిచి చూపించారు. 1440 ఆర్‌పీఎం.

"నాలుగు పోల్స్, 50 హెర్ట్జ్. లెక్కకి 1500 రావాలి. మరి 1440 అని ఎందుకేశారురా?"

"స్లిప్ నాన్నా. ఫుల్ లోడు మీద స్పీడు అది."

"ఈ అంకె ఎప్పటిదో మనకి తెలుసు. నీ డబ్బా మీదది ఎలా కొలిచారు?"

నాకు తెలీదు.

"పోనీ, నువ్వు కొలిచావా?"

లేదు.

ఆ సాయంత్రమే కొలిచాం. మోటారు షాఫ్టుని డ్రిల్లుకి బిగించి తిప్పితే అదే జనరేటర్ అవుతుంది. టాకోమీటరులో 2,800 ఆర్‌పీఎం. మోటారు మూడు వైర్లలో ఏ రెండింటి మధ్య పెట్టినా మల్టీమీటరులో 1.04 ఏసీ వోల్టులు. దాన్ని 1.414తో గుణిస్తే పీక్ వోల్టేజీ 1.47. 2,800ని దానితో భాగిస్తే సుమారు 1900. మూడుసార్లు చేశాం. మూడుసార్లూ అంతే.

దీన్ని మోసమే అని నేననలేను. ఇలాంటి చిన్న మోటార్లలో తీగ చుట్లే తక్కువ. ఒక్క చుట్టు ఎక్కువ పడినా కేవీ బాగా తగ్గుతుంది. మాగ్నెట్ల బలంలో తేడా ఉన్నా మారుతుంది. ఈఎస్‌సీలో టైమింగ్ పెంచి కొలిస్తే అదే మోటారు ఎక్కువ అంకె చూపిస్తుంది. ఏ పద్ధతిలో కొలిచారో మా డబ్బా మీద మాత్రం లేదు.

రాత్రి బ్యాగులోంచి వాడి నోట్‌బుక్ తీశాను. 2200 బదులు 1900 వేసి చూస్తే, వాడు చెప్పిన 40 కాస్తా 34.5 అయింది. గేరు లెక్కలో ఒక్క తప్పూ లేదు. ఆ పేజీ అంచున పెన్సిల్‌తో చిన్నగా రాసి ఉంది: "కేవీ ఓసారి కొలవాలి."

సోమవారం ల్యాబులో, అందరి ముందు అన్నాను కాబట్టి అందరి ముందే సారీ చెప్పాను. వాడు తల ఊపి, "మరి పినియన్ మార్చుదామా?" అన్నాడు. 13 పళ్లది తీసి 15 పళ్లది వేశాం. పెద్ద పినియన్‌తో మోటారు మీద లోడు పెరుగుతుంది కాబట్టి రెండు నిమిషాలకోసారి ఆపి వేడి చూసుకున్నాం. 38 వచ్చింది. అనుకున్న 40 రాలేదు, కానీ ఈసారి ఎందుకు రాలేదో ఇద్దరికీ తెలుసు.

ఆ మోటారుకి ఇప్పుడు ఒక తెల్ల టేపు ఉంది. దాని మీద వాడి చేతిరాతలో 1900 అని ఉంటుంది.