ఖాళీ కాంటా

జడ్చర్ల అనగానే చాలామందికి బెంగళూరు హైవే, పోలేపల్లి మందుల ఫ్యాక్టరీలు గుర్తొస్తాయి. నాకు మాత్రం బాదేపల్లి మార్కెట్ యార్డు, పల్లికాయ కుప్పలు, వాటి మధ్య కాంటా దగ్గర నిలబడ్డ మా నాయిన. ఆయన దడ్వాయి. ఏళ్ల తరబడి రైతుల బస్తాలు తూచాడు.

నేను హైదరాబాద్‌లో ఒక ప్రయోగశాలలో పరిశోధన చేస్తున్నాను. ఇంటికి వెళ్లినప్పుడల్లా ఒకటే ప్రశ్న. "పొద్దంత ఆడ ఏం జేస్తవు బిడ్డా?" ఒకసారి ఇలా చెప్పాను. "మన కణాల్ల గూడ హమాలీలు ఉంటరు నాయినా. కొవ్వు మూటలు మోస్తరు. అండ్ల ఒక హమాలీ పనిల ఉన్నడా లేడా అని చూస్త." నాయిన నవ్వి, "హాజరు పట్టీ రాస్తవన్నట్టు" అన్నాడు. అంతకంటే బాగా నేనూ చెప్పలేను.

ఆ హమాలీ పేరు ఎన్‌పీసీ1. రక్తంలోంచి కణంలోకి వచ్చిన కొలెస్ట్రాల్ ముందు లైసోజోమ్ అనే సంచిలోకి చేరుతుంది. అక్కడ ఎన్‌పీసీ2 అనే చిన్న ప్రొటీన్ దాన్ని అందుకుని, సంచి గోడలో పాతుకుని ఉన్న ఎన్‌పీసీ1 చేతికిస్తుంది. అది గోడ దాటిస్తుంది. ఎన్‌పీసీ1 పాడైతే కొలెస్ట్రాల్ లోపలే పేరుకుపోతుంది. పిల్లల్లో కాలేయం, ప్లీహం ఉబ్బుతాయి. నడక తడబడుతుంది, మాట మొద్దుబారుతుంది, నేర్చుకున్నవన్నీ ఒక్కొక్కటే చేజారుతాయి. దాన్నే నీమన్-పిక్ సి జబ్బు అంటారు. జన్యువును 1997లో గుర్తించారు. తల్లీ తండ్రీ ఇద్దరి దగ్గరా లోపమున్న ప్రతి ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మేనరికాలు ఎక్కువగా ఉన్న మనలాంటి చోట ఇది పట్టించుకోవాల్సిన లెక్కే.

ఇక హాజరు పట్టే సాధనం యాంటీబాడీ. ప్రొటీన్‌లోని ఒక ముక్కను కుందేలుకు ఎక్కిస్తే, దాని ఒంట్లో ఆ ముక్కను పట్టుకునే యాంటీబాడీలు పుడతాయి. ఒకే రకం యాంటీబాడీని కణాల చేత ఎప్పటికీ తయారు చేయించే పద్ధతిని 1975లో కోలర్, మిల్‌స్టీన్ కనిపెట్టారు. 1984లో నోబెల్ అందుకున్నారు. మాకు వచ్చే సీసాలో ఉండేది వంద మైక్రోలీటర్లు, అంటే రెండు చుక్కలు. ధర వేలల్లో.

ఆమధ్య అలాంటి సీసా ఒకటి వచ్చింది. ఎన్‌పీసీ1 బరువు లెక్కప్రకారం 142 కిలోడాల్టన్లు. కానీ ఒంటినిండా చక్కెరలు అంటుకుని ఉంటాయి కాబట్టి పరీక్షలో 170, 190 మధ్య నల్లగీతగా కనిపిస్తుంది. మా ఫిల్మ్ మీద గీత సరిగ్గా అక్కడే పడింది. ల్యాబంతా సంబరం. అయితే పక్క గడిలో, ఎన్‌పీసీ1 జన్యువును పూర్తిగా తీసేసిన కణాల సారం కూడా పెట్టి ఉంచాను. అక్కడా అదే గీత, అంతే నలుపు. లేని హమాలీకి కూడా హాజరు వేసిందా సీసా!

మా నాయిన పొద్దున్నే బస్తా ఎక్కించకముందు ఖాళీ కాంటా చూసేవాడు. ముల్లు నడుమ నిలిస్తేనే తూకం మొదలు. "బరువు లేనప్పుడు బరువు జూపే కాంటా రైతు కడుపు గొడ్తది" అనేవాడు. జన్యువు తీసేసిన కణాలు మాకు ఖాళీ కాంటా.

ఇది మా ఒక్క ల్యాబ్ గొడవ కాదు. 2023లో అచ్చయిన ఒక అధ్యయనంలో 65 ప్రొటీన్ల కోసం అమ్ముతున్న 614 యాంటీబాడీలను ఇలాగే పరీక్షించారు. తన ప్రొటీన్‌ను గుర్తుపట్టలేని యాంటీబాడీతో చేసిన పరిశోధన పత్రాలు, సగటున ఒక్కో ప్రొటీన్‌కు పన్నెండు దాకా బయటపడ్డాయి. ఒక్కో పత్రం వెనుక ఎంతమంది విద్యార్థుల రాత్రులున్నాయో లెక్క లేదు.

ఇదంతా ఎందుకంటారా? జబ్బును నిర్ధారించడానికి ఈనాడు జన్యు పరీక్ష ఉంది. యాంటీబాడీ అవసరం ఆ తర్వాత మొదలవుతుంది. ఈ జబ్బులో ఎక్కువగా కనిపించే ఒక మార్పులో ప్రొటీన్ తయారవుతుంది కానీ సరిగ్గా మడత పడదు. చేరాల్సిన చోటికి చేరకముందే కణం దాన్ని చెత్తలో వేసేస్తుంది. దాన్ని కాపాడి లైసోజోమ్‌కు చేర్చగలిగితే పని చేస్తుందని ప్రయోగాలు చెబుతున్నాయి. అలా కాపాడే మందు పనిచేసిందో లేదో చెప్పాల్సింది ఈ రెండు చుక్కలే. అవి అబద్ధమాడితే పనికిరాని మందు పనికొచ్చినట్టు కనిపిస్తుంది. పనికొచ్చేది పక్కకు పోతుంది. నడక తడబడుతున్న పిల్లలకు అన్నేళ్లు వేచి ఉండే తీరిక లేదు.

అందుకే ఏ కంపెనీ సీసా వచ్చినా, కాగితం మీద ఏం రాసున్నా, మొదటి చుక్క ఎన్‌పీసీ1 లేని కణాలకే. రెండు రోజుల పని. ఆ గడి తెల్లగా మిగిలిన రోజున గానీ అసలు నమూనాలు బయటికి తీయం.